లారీ ఇంజను – పడవ ప్రయాణము



ముప్పదినాలుగేండ్లు బడిలో తెలుగు బోధించి విశ్రాంతి గైకొన్న పండితుడు ఇంజనులను గూర్చి ప్రసంగింప బూనుట చూచి మీలో కొందఱు చిఱునవ్వు నవ్వవచ్చును. సంధులు, సమాసములు చెప్పుకొనవలసినవానికి సిలిండరులతో నేమి పని యని అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. నాకు యంత్రములతోడి పరిచయము చదువువలన రాలేదు. పదిమందిలో నేను పలికిన యొక పొరపాటు మాటవలన వచ్చినది. ఆ మాట యేదియో, దానివలన నేమి జరిగినదో, పిమ్మట నేమి నేర్చుకొంటినో చెప్పుటయే ఈనాటి ప్రసంగము. ఏటియొడ్డున, కాలువయొడ్డున నున్న ఊళ్లలో అట్టి మాట నేడును ఎవరో యొకరు పలుకుచునే యుందురు. దానిని ఆపి, ఆలోచించి, తగిన ప్రశ్న వేయవలసినవారు మీరు.

మాది గౌతమీ గోదావరి నడుమ నున్న యొక లంకగ్రామము. కొబ్బరి, కూరగాయలు, పాలు, బడిపిల్లలు, పురిటికి పోవు ఆడువారు, అన్నియు, అందఱును రేవు దాటవలసినదే. తాతలనాటినుండి గడకఱ్ఱలతో, తెడ్లతో, తెరచాపతో ఆ రేవు నడచుచుండెను. ఇప్పటికి పదునెనిమిదేండ్ల క్రిందట రేవుపాట పాడుకొన్నవాడు నా పూర్వశిష్యుడు. పట్టణమున లారీ షెడ్డులో పనిచేసి వచ్చినవాడు. ఒక ముసలి లారీని విప్పి ముక్కలుగా అమ్ముచుండగా, దాని ఆఱు సిలిండరుల డీజిలు ఇంజనును చౌకగా కొని, తండ్రినాటి పడవకు బిగింపదలచెను. రచ్చబండ కడ పెద్దలు కూడిరి. వారిలో నొక వృద్ధుడు, వృత్తిచేత పడవవాడు, "రోడ్డుమీది దాన్ని ఏట్లో దింపితే ఏమవుద్దో ఎవరికి తెలుసు?" అని సందేహించెను. అందఱును నా మొగము చూచిరి. నేను, "ఇంజను ఎక్కడున్నా ఇంజనే కదా!" యంటిని. చదువుకొన్నవాని మాట యని వారు సమ్మతించిరి.

ఇంజను పదునొకండు నెలలు నడచినది. ఇరువది నిమిషముల రేవు ఏడెనిమిది నిమిషములకు దిగినది. ఊరంతయు సంతోషించినది. శ్రావణమాసమున వరద వచ్చి, గోదావరి ఎఱ్ఱనీటితో ఒడ్డులొరసి పాఱుచుండగా, ఒకనాటి ఉదయమున ఇరువదిముగ్గురము ఆ పడవలో నుంటిమి. ఏటి నడుమకు పోవుసరికి ఇంజనుపై ఆవిరి లేచినది, లోపల ఇనుము ఇనుమును ఒరసిన ధ్వని వినవచ్చినది, పిదప నిశ్శబ్దము. పడవ ప్రవాహమునకు అడ్డముగా తిరిగినది. గడకఱ్ఱకు లోతు అందలేదు. ఇంజనున్న పడవకు లంగరెందుకని దానిని ఇంటికడ పడవేసి వచ్చిరి, తెడ్లును లేవు. ఒక బాలింత తన బిడ్డను నా చేతికిచ్చి, రెండు చేతులతో పడవయంచు పట్టుకొని కూర్చున్నది. దాదాపు రెండు కిలోమీటరులు కొట్టుకొనిపోయిన పిమ్మట, చేపలవారి నావ యొకటి త్రాడు విసరి మమ్ము రెల్లు మొలచిన లంకకు చేర్చినది. దైవానుగ్రహమున ఎవరికిని ప్రాణహాని కలుగలేదు. కాని ఆ పసికందు బరువును నా చేతులు ఇంకను మఱువలేదు.

ఆ సాయంకాలము నా శిష్యుడు ఒడ్డున కూర్చుండి నన్ను అడిగినాడు: "మాస్టారూ, రోడ్డుమీద పన్నెండేళ్లు తిరిగిన ఇంజనండీ. నీళ్లలో పదకొండు నెలలు కూడా ఆగలేదేమండీ?" నాయొద్ద సమాధానము లేదు. నాడు గురుశిష్యులమిద్దఱమును ఆ ప్రశ్నకు విద్యార్థులమైతిమి. కాకినాడలో చిరకాలము లాంచీలు బాగుచేసిన యొక వృద్ధ మేస్త్రి కాళ్లకడ కూర్చుంటిమి. దొరికిన పుస్తకములు చదివితిమి. క్రమముగా సమాధానము తెలిసినది.

వ్యాకరణమున స్థానివద్భావమను నొక న్యాయము కలదు. ఒకదాని స్థానమున మఱియొకటి వచ్చినప్పుడు, వచ్చినది పోయినదాని గుణములను పొంది, దానివలెనే వ్యవహరించునని దాని భావము. అయితే ఆ న్యాయమునకు మినహాయింపును అక్కడనే చెప్పబడినది. న్యాయము జ్ఞప్తియందుంచుకొని మినహాయింపును మఱచిన విద్యార్థికి పరీక్షలో సున్న వచ్చును. నాకు ఏటి నడుమ వచ్చినది అట్టి సున్నయే. తెడ్డు స్థానమున ఇంజనును పెట్టితిమి. లారీలో దానికేమేమి ఆధారమై యుండెనో విచారింపమైతిమి. రోడ్డు లారీ ఇంజనునకు వెల లేకుండ నాలుగు వస్తువుల నిచ్చుచుండును. అవి విశ్రాంతి, గాలి, నేల, బయలు. నీరు ఈ నాలుగింటిలో నొక్కదానినైనను ఇయ్యదు. వానిని మనమే సమకూర్పవలెను. సమకూర్చినచో ఆ ఇంజను పడవలో చక్కగా పనిచేయును. లేనిచో మునుపు మాకు జరిగినట్లే జరుగును.

మొదటిది విశ్రాంతి. లారీ బయలుదేరునప్పుడును, మెట్ట యెక్కునప్పుడును ఇంజను తన బలమంతయు పెట్టును. సమతలమునకు వచ్చిన పిమ్మట దానికి సగము బలమైనను అక్కఱలేదు. పల్లమున దిగునప్పుడు ఏమియు నక్కఱలేదు. గేటుకడ, సంతకడ, టీ కొట్టుకడ అది నిలిచి శ్రమ దీర్చుకొనును. పడవకు పల్లము లేదు. రేవు విడిచినది మొదలు ఆవలి రేవు చేరువఱకు నీటిని త్రోయుచునే యుండవలెను. మారేడుమిల్లి ఘాటు ఎక్కు లారీని చూచినవారికి దాని రొద, వేడి తెలియును. పడవలోని ఇంజను ఎప్పుడును ఘాటు ఎక్కుచున్న ఇంజను వంటిది. ఆ ఘాటునకు శిఖరము లేదు.

ఇక్కడ చిన్న లెక్క చెప్పెదను. నీటిలో తిరుగు పంకా ఎంత వేగముగా తిరిగిన, దానికి కావలసిన బలము ఆ వేగముయొక్క ఘనముననుసరించి పెరుగును. అనగా రెండింతలు వేగముగా త్రిప్పవలెనన్న రెండింతలు కాదు, ఎనిమిదింతల బలము కావలెను. నిమిషమునకు 2400 చుట్లు తిరిగి 100 అశ్వశక్తుల నిచ్చు ఇంజను ననుకొందము. ఆ వేగమునకు సరిపడు పంకాను దానికి తగిలించినచో, 2100 చుట్లకడ ఆ పంకా కోరునది 67 అశ్వశక్తులు మాత్రమే. 1800 చుట్లకడ 42. 1200 చుట్లకడ పండ్రెండున్నర. చూడుడు! వేగమును నాలుగవవంతు తగ్గించినచో ఇంజను మోయు భారము సగముకంటె తక్కువయగుచున్నది. కావున పడవలో ఇంజనునకు విశ్రాంతి నిచ్చు ఉపాయమిదియే: పూర్తి వేగమున మూడువంతులు దాటనీయకుండుట. పడవల కొఱకే ఇంజనులు చేయువారును, ఎడతెగని పనికి అదే ఇంజనునకు తక్కువ బలమును, తక్కువ వేగమును నిర్ణయింతురు.

తక్కువ వేగమున నడపిన పడవ మెల్లగా పోవునుకదా యని మీరనవచ్చును. పడవకు దాని పొడవే వేగమును నిర్ణయించును. నీటిని చీల్చుకొని పోవు బరువు పడవ తన ముందు తానే యొక అలను లేపుకొనును. కొంత వేగము దాటిన పిమ్మట ఆ అలను ఎక్కలేక, ఎంత బలము పెట్టినను ముందునకు సాగదు. వెనుకభాగము క్రుంగును, నూనె ఖర్చగును. నీటిమట్టమున 36 అడుగుల పొడవు గల పడవకు ఆ హద్దు గంటకు సుమారు 15 కిలోమీటరులు. మా శిష్యుడు ఆ హద్దును దాటవలెనని ఇంజనును పూర్తి వేగమున అఱపించుచుండెను. ఆ పదునొకండు నెలలలో సగము డీజిలు అలలను లేపుటకే పోయినది.

పంకా పరిమాణము ఇంజనునకు సరిపడవలెనన్నది దీనినుండి తేలు మఱియొక ధర్మము. పంకా మిక్కిలి పెద్దదైనచో ఇంజను తన పూర్తి వేగమును అందుకొనలేక, ఎద్దునకు మించిన బండి కట్టినట్లు రొప్పుచు నల్లని పొగ విడుచును. దీనిని పరీక్షించుట సులభము. పడవను నిండు బరువుతో లోతునీటికి కొనిపోయి, కొద్దిసేపు పూర్తిగా నూనె నిచ్చి చూడవలెను. ఇంజను తయారుచేసినవారు చెప్పిన పూర్తి వేగము వచ్చినచో పంకా సరిపోయినది. రానిచో, నల్లపొగ వచ్చినచో, పంకాను మార్చవలెను. ఒక్క పరీక్షతో సంవత్సరముల ఆయుర్దాయము దక్కును.

రెండవది గాలి. డీజిలులో నున్న వేడిలో స్థూలముగా మూడింట నొకవంతు మాత్రమే పనిగా మాఱును. ఒకవంతు పొగతో బయటికి పోవును. మిగిలిన వంతు ఇంజను చుట్టు నున్న నీటిలో చేరును. లారీలో ఆ నీరు రేడియేటరులోనికి వచ్చి, ముందు ఫ్యాను విసరు గాలివలనను, లారీ పరుగెత్తుటచే వచ్చు గాలివలనను చల్లబడును. పడవ పొట్టలో దాచిన ఇంజనునకు ఆ గాలి యెక్కడిది? అందువలన రేడియేటరును తీసివేసి, ఏటినీటినే పంపుతో తోడి ఇంజనులోనికి పంపుట మన సామాన్యులు చేయు ఏర్పాటు. చుట్టును నీరుండగా నీటికేమి కొదువ యని నా శిష్యుడును అట్లే చేసెను.

ఆ నీటిలో నేమున్నదో అతడు చూడలేదు. వరదకాలపు గోదావరి నీరు వండ్రుమట్టిని మోసికొనివచ్చునని మనకు పుట్టినప్పటినుండి తెలియును. ఆ వండ్రే మన పొలములకు ప్రాణము. అదే వండ్రు ఇంజను లోపలి సన్నని దారులలో పేరుకొని, గట్టిపడి, నీటిని పోనీయదు. నాడు పంపు మూతికడనున్న జల్లెడయు చెత్తతో పూడిపోయినది. సముద్రమునకు దగ్గఱి రేవులలో మఱియొక చిక్కు కలదు. ఉప్పునీరు అరువది డిగ్రీల వేడి దాటినచో ఉప్పు విడిచి లోపల పెంకు కట్టును, ఇనుమునుకూడ తినివేయును.

సరియైన ఏర్పాటు వేఱు. ఇంజను లోపల తిరుగునది ఎప్పుడును మంచినీరే కావలెను. ఆ మంచినీరు మూసిన గొట్టములలో పడవ వెలుపలికి పోయి, వెన్నుదూలము ప్రక్కగా ఏటినీటిని తాకుచు, చల్లబడి, మరల ఇంజనులోనికి రావలెను. లోపలి నీరు వెలుపలికి పోదు. వెలుపలి నీరు లోపలికి రాదు. ఏటి చల్లదనము మాత్రము లోపలికి వచ్చును. లోతు లేనిచోట ఇసుకతిప్పలకు తగిలి గొట్టములు చితుకకుండ వానికి కాపుగా చెక్కలు బిగింపవలెను. మఱియొక మాట. వేడి నిలుపుటకు లారీ ఇంజనులో థర్మోస్టాటు అను చిన్న తలుపు ఉండును. చల్లగా నుండుట మేలని కొందఱు మేస్త్రీలు దానిని పీకివేయుదురు. అది తప్పు. ఇంజను సుమారు ఎనుబది డిగ్రీల వేడిలో ఆరోగ్యముగా నుండును. మిక్కిలి చల్లగా నడచిన ఇంజను త్వరగా అరుగును. జ్వరమువలెనే శీతలమును రోగమే.

మూడవది నేల. లారీ చక్రము నేలను పట్టుకొని త్రోయును. ఆ త్రోపు చక్రములనుండి చట్రమునకు పోవును, ఇంజనునకు తగులదు. పడవలో పంకా నీటిని వెనుకకు త్రోసి, తన షాఫ్టును ముందునకు త్రోయును. పడవను నడపునది ఆ త్రోపే. దానిని పట్టుకొనుటకు ప్రత్యేకమైన బేరింగు లేనిచో, ఆ బలమంతయు గేరుపెట్టెలోనికి, అందుండి ఇంజను లోపలికి పోయి, దానికొఱకు చేయని భాగములను అరగదీయును. లారీ గేరుపెట్టె త్రిప్పుటకు చేయబడినది. త్రోపు భరించుటకు కాదు. ఇంతేకాదు. పై గేరులో లారీ పెట్టె ఇంజను ఎన్ని చుట్లు తిరిగిన అన్ని చుట్లే షాఫ్టును త్రిప్పును. అంత వేగమునకు చిన్న పంకాయే పెట్టవలసివచ్చును. బరువు పడవను చిన్న పంకాతో వేగముగా త్రిప్పి త్రోయుట, గరిటెతో గబగబ తెడ్డు వేసినట్లుండును. వెడల్పైన తెడ్డును నిదానముగా లాగినవాడే ముందు ఒడ్డు చేరును. సరే, తక్కువ గేరులో నడిపెదమన్న, ఆ గేరులు కొద్దిసేపు మెట్ట యెక్కుటకు చేసినవి, దినమంతయు మోయలేవు.

కావున పడవలకని చేసిన గేరుపెట్టె కావలెను. అది ఇంజను రెండు లేక మూడు చుట్లు తిరిగినప్పుడు షాఫ్టును ఒక్క చుట్టు త్రిప్పును. త్రోపును తానే భరించును. వెనుకకును సమానమైన బలముతో నడపును. వెనుకకు నడచుట పడవకు అలంకారము కాదు. లారీకి బ్రేకు ఉన్నది. పడవకు వెనుక గేరే బ్రేకు. ఈ చిక్కు క్రొత్తది కాదు. డీజిలు మహాశయుని ఇంజను 1897లో జర్మనీదేశమున ఆగ్స్‌బర్గు నగరములో జయప్రదముగా నడచినది. 1903లో రష్యాదేశమున వండాల్ అను నౌకకు డీజిలు ఇంజనులు పెట్టినప్పుడు, అవి వెనుకకు తిరుగజాలకపోవుటచే, వానితో విద్యుత్తు పుట్టించి, ఆ విద్యుత్తుతో పంకాలను ముందునకును వెనుకకును త్రిప్పిరి. నాడు మహా ఇంజనీరులు అంత శ్రమపడిన విషయమును మనము రేవులో నిర్లక్ష్యము చేయరాదు.

నేలతో పోయినది మఱియొకటి కలదు, అది స్థిరత్వము. గేరుపెట్టెతో కూడిన ఆఱు సిలిండరుల లారీ ఇంజను అయిదాఱు వందల కిలోగ్రాములకు తక్కువ యుండదు. దానిని రెండు అడ్డకఱ్ఱలపై బిగించినచో, దాని అదురు పడవ పలకల సందులను విప్పును. పొడవైన రెండు దూలములను పడవ నిడివిగా, పెక్కు ప్రక్కటెముకలను కలుపునట్లు వేసి, వానిపై ఇంజనును కూర్చుండబెట్టవలెను. షాఫ్టు వెనుకకు వాలియుండుటచే ఇంజనును కొంత వాల్చి పెట్టుదురు. ఆ వాలు మిక్కుటమైనచో ఆయిలు ఒకమూలకు చేరి పంపునకు అందదు. ఇంజను, షాఫ్టు ఒకే గీతలో నున్నవో లేవో పడవ ఒడ్డున ఉన్నప్పుడు కాక, నీటిలో దింపి ఒకటి రెండు దినములైన పిమ్మట చూడవలెను. నీటిలో పడవ రూపము కొంచెము మాఱును. రెండు బిళ్లలు కలియుచోట వెండ్రుక మందమునకు మించిన తేడా ఉండరాదు. షాఫ్టు బయటికి పోవు రంధ్రముకడ గ్లాండును మిక్కిలి బిగించి ఒక్క చుక్కయు రానీయకుండుట గొప్ప యని కొందఱనుకొందురు. ప్యాకింగు గ్లాండయినచో, తిరుగుచున్నప్పుడు నెమ్మదిగా చుక్కలు పడవలెను. చుక్క లేని గ్లాండు షాఫ్టును కాల్చును.

నాలుగవది బయలు. లారీ తన పొగను వెనుక విడిచి ముందునకు పోవును. పడవలో పొగగొట్టము మనుష్యుల నడుమనే యుండును. ఆ గొట్టము నిప్పువలె కాలును. చెక్కకు తగిలిన అంటుకొనును. వెనుకటి కాలమున దానికి ఆస్బెస్టాసు త్రాడు చుట్టెడివారు. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తెలిసినది. గాజుదూది మొదలగునవి వాడవలెను. గొట్టములో పగులున్నచో పొగలోని విషవాయువు మూసిన గదిలో చేరును. దానికి రంగు లేదు, వాసన లేదు; నిద్రించువాడు నిద్రలోనే పోవును. కొందఱు పొగగొట్టములోనికి నీరు వదలి చల్లార్తురు. అది మంచి పద్ధతియే. అయితే ఆ నీరు వెనుకకు తిరిగి సిలిండరులోనికి రాకుండ గొట్టమును ముందు పైకెత్తి పిదప క్రిందికి వాల్పవలెను. పెట్రోలు ఇంజనును పడవలోపల పెట్టుట మాత్రము మానుకొనుడు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు. రోడ్డుమీద అది గాలిలో కలసిపోవును. పడవలో అడుగునకు చేరి, నిప్పురవ్వ కొఱకు వేచియుండును.

ఇంతయు వినిన పిమ్మట, లారీ ఇంజనును పడవలో పెట్టుటయే తప్పని మీరు తలపరాదు. లోకమంతటను ఆ పని జరిగినది. ఇంగ్లండులో 1960లో వెలువడిన పెర్కిన్సువారి ఆఱు సిలిండరుల ఇంజను ఒకటి లారీలలోను, ట్రాక్టరులలోను, పడవలలోను పనిచేసినది. అమెరికాలో లేమన్ అను సంస్థ ఫోర్డువారి డీజిలు ఇంజనులను పడవలకు తగినట్లు మార్చి విక్రయించెను. థాయిలాండు కాలువలలో పొడవైన షాఫ్టుల పడవలు పాత మోటారుబండ్ల ఇంజనులతో పరుగెత్తును. మన దేశమున అశోక్ లేలాండువారును లారీ ఇంజనుల వంశమునుండియే పడవ ఇంజనులను దింపిరి. వీరిలో ఇంజనులను పడవలకని మార్చి అమ్మినవారు చేసిన మార్పు లెవ్వియని విచారించినచో, నేను చెప్పిన నాలుగే కనబడును.

చరిత్రయందు ఇందొక వింతయు కలదు. 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టిన పిమ్మట మన డెల్టా కాలువలు నీటిపాఱుదలకే కాక రాకపోకలకును మార్గములైనవి. ధాన్యము, కొబ్బరి, కలప పడవలపైననే సాగెను. పిదప రోడ్లు వచ్చినవి, లారీలు వచ్చినవి, పడవలు తగ్గిపోయినవి. పడవను ఒడ్డునకు నెట్టిన లారీ, తాను ముసలిదైన పిమ్మట, తన గుండెను పడవకే ఇచ్చుచున్నది. పుచ్చుకొనుట తప్పుగాదు. ఎట్లు పుచ్చుకొనవలెనో తెలియవలెను.

ఎట్టి పాత ఇంజనును కొనవలెనన్న, కొన్ని గుర్తులు చెప్పెదను. చల్లగా నున్న ఇంజనును మన యెదుటనే నడపించి చూడవలెను. ముందే వేడిచేసియుంచిన ఇంజను తన లోపమును దాచుకొనును. వేడెక్కిన పిమ్మటను నీలిపొగ వచ్చినచో ఆయిలు కాలుచున్నది. తెల్లని ఆవిరి ఆగకున్నచో నీరు సిలిండరులో చేరుచున్నదేమో చూడవలెను. ఆయిలు మజ్జిగవలె తెల్లబడినచో ఆ ఇంజనును విడిచిపొండు. మన దేశమున 2020 ఏప్రిలు నుండి క్రొత్త లారీలకు బి.ఎస్. ఆఱవ ప్రమాణము వచ్చినది. వాని ఇంజనులను విద్యుత్తు మెదడు నడపును. తడి, ఉప్పుగాలి దానికి శత్రువులు, పల్లెమేస్త్రికి అది లొంగదు. పాత యంత్రపు పంపు గల ఇంజనే మనకు తగినది. కొనునప్పుడు ఇంకొక లెక్క మఱువరాదు. ఇంజను వెల మొత్తము ఖర్చులో చిన్నభాగము. గేరుపెట్టె, షాఫ్టు, పంకా, చల్లార్చు గొట్టములు, దూలములు, ఇవన్నియు కలసి పాత ఇంజనుకంటె ఎక్కువగుటయే సామాన్యము. చౌకగా ఇంజను దొరికినదని మురిసి తక్కిన వాటికి డబ్బు చాలక సరిపెట్టుకొన్నచోటనే ప్రమాదము పుట్టును. నా శిష్యునికి జరిగినది అదియే.

అతడు పిమ్మట ఏమి చేసెనో వినుడు. ఒక సంవత్సరము రేవును తెడ్లతోనే నడిపెను. కూడబెట్టిన ధనముతో, విప్పి అమ్మిన చేపల లాంచీనుండి మూడింటికి ఒకటిగా తగ్గించు గేరుపెట్టెను కొనెను. 36 అడుగుల క్రొత్త పడవ కట్టించి, దూలములు వేయించి, మూసిన గొట్టములలో మంచినీరు తిరుగు ఏర్పాటు చేసెను. ఇంజనును మరల కోయించి బాగుచేయించి, 1800 చుట్లకు మించకుండ పంపుకడ మేకు బిగించి సీలు వేయించెను. వేడి హెచ్చినను, ఆయిలు ఒత్తిడి తగ్గినను మ్రోగు గంటను పెట్టించెను. ఇప్పుడు రేవు దాటుటకు పది నిమిషములు పట్టును. మొదటి పడవకంటె రెండు మూడు నిమిషములు ఆలస్యము. ఆ నిమిషములను గూర్చి మొదట గొణిగినవారు కలరు. నేడు ఎవరును గొణుగరు. ఆ పడవ నేటికిని నడచుచున్నది.

ఇక మీకు నా విన్నపము. మీ ఊరి రేవులో ఎవడైనను పాత ఇంజను పెట్టెదనని వచ్చినప్పుడు, వానిని నిరుత్సాహపఱుపకుడు. నావలె తొందరపడి ఒప్పుకొనను వలదు. ఈ ప్రశ్నలు అడుగుడు. ఇంజను లోపల తిరుగునది మంచినీరా, ఏటినీరా? పంకా త్రోపును భరించునది యేది? వెనుకకు నడచునా? నిండు బరువుతో పూర్తి వేగము వచ్చినదా, నల్లపొగ వచ్చినదా? పొగగొట్టము ఎక్కడికి పోవుచున్నది? ఇంజను ఏటి నడుమ ఆగినచో లంగరు ఏది, త్రాడెంత పొడవు, తెడ్లెక్కడ? ఎక్కినవారందఱకును ప్రాణరక్షక కవచములు కలవా? కడపటి రెండు ప్రశ్నలకు సమాధానము లేనిచో మొదటివానికి ఎంత మంచి సమాధానములు చెప్పినను పడవను కదలనీయకుడు. 1917 నాటి చట్టము స్థానమున 2021లో వచ్చిన అంతర్దేశ నౌకల చట్టము, యంత్రముతో నడచు పడవకు నమోదును, తనిఖీపత్రమును విధించినది. ఆ పత్రమును చూపుమనుట అనుమానించుట కాదు, పెద్దఱికము. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు కడ యాత్రికుల లాంచీ మునిగి ఎందఱో మరణించుట మనకు తెలియును. ఆ ప్రమాదకారణములను విచారించుట నా పని కాదు. వరద గోదావరి ఎట్టిదో చెప్పుటకు మాత్రము దానిని స్మరించుచున్నాను.

చివరగా ఒక మాట. ఆనాడు రచ్చబండకడ సందేహించిన వృద్ధుడు నేడు లేడు. ఆయనకు యంత్రశాస్త్రము తెలియదు. ఘనముల లెక్క తెలియదు. ఏరు రోడ్డు కాదని మాత్రము తెలియును. నాకు అక్షరములు తెలిసియు అది తెలియలేదు. ఆయన బ్రతికియుండగనే వెళ్లి నా పొరపాటును ఒప్పుకొంటిని. ఆయన నవ్వి, "తెలిసింది కదండీ పంతులుగారూ, ఇంకొకరికి చెప్పండి" అనెను. ఆ ఆజ్ఞను నేడు ఈ రేడియో ద్వారా నెరవేర్చితిని.